నలభై మంది ఉన్న ఆఫీసుకు ఇంటర్నెట్ డెస్క్ ఫోన్లు ఎంచుకోవడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో నలభై మంది పనిచేస్తారు. ఇప్పుడు వాడుతున్న పీబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజ్) బాగా పాతబడింది. దాని విడిభాగాలు దొరకడం కష్టమైంది, పైగా ఒక్క కొత్త ఎక్స్‌టెన్షన్ కావాలన్నా గోడ వెంట మరో వైరు లాగవలసి వస్తోంది. అందుకని మొత్తం ఆఫీసును ఇంటర్నెట్ ఫోన్లకు మార్చాలని యాజమాన్యం నిర్ణయించి, ఏ ఫోన్లు కొనాలో తేల్చే బాధ్యతను నాకు అప్పగించింది.

యీలింక్, గ్రాండ్‌స్ట్రీమ్, పాలీ, సిస్కో, ఫాన్‌విల్, స్నోమ్ కంపెనీల వివరాలు చదివాను. ప్రతి కంపెనీ చిన్న తెల్ల నలుపు తెర ఉన్న ఫోన్ నుంచి పెద్ద టచ్ స్క్రీన్ ఉన్న ఫోన్ దాకా పది పదిహేను మోడళ్ళు చూపిస్తోంది. ‘పన్నెండు సిప్ ఖాతాలు’, ‘హెచ్‌డీ వాయిస్’, ‘పీఓఈ’, ‘గిగాబిట్’ లాంటి మాటలు అన్నిటి మీదా ఉన్నాయి. వీటిలో మా పనికి నిజంగా అవసరమైనవేవో, ధర పెంచడానికి మాత్రమే చేర్చినవేవో నాకు అర్థం కావడం లేదు. మా దగ్గర రిసెప్షన్‌లో ఒకరు రోజంతా కాల్స్ అందుకుని ఆయా విభాగాలకు పంపుతారు. అమ్మకాల విభాగంలో పది మంది ఎక్కువ సేపు ఫోన్ మీదే ఉంటారు. మిగతావారికి రోజుకు నాలుగైదు కాల్స్‌కు మించి ఉండవు. అందరికీ ఒకే మోడల్ కొనడం మంచిదా? కొనే ముందు ఏయే విషయాలు పరిశీలించాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి జవాబు

మీరు ఫోన్ దగ్గర మొదలుపెట్టారు. నా సలహా ఏమిటంటే, ఆ ఫోన్ ఏ వ్యవస్థకు రిజిస్టర్ కాబోతోందో ముందు తేల్చుకోండి. ఆఫీసులోనే ఆస్టరిస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఐపీ పీబీఎక్స్ పెట్టుకుంటారా, లేక సర్వీస్ ప్రొవైడర్ నడిపే క్లౌడ్ పీబీఎక్స్ తీసుకుంటారా అన్నది నిర్ణయమైతే మీరు చూస్తున్న మోడళ్ళలో సగం వాటంతటవే పక్కకు పోతాయి.

కారణం చెబుతాను. మీరు పేర్కొన్న ఫోన్లలో ఎక్కువ భాగం ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే సిప్ అనే ప్రమాణం మీద పనిచేస్తాయి. ఆ ప్రమాణం 2002లో ఆర్ఎఫ్‌సీ 3261గా వెలువడింది. కాల్ చేయడం, అందుకోవడం, హోల్డ్‌లో పెట్టడం, బదిలీ చేయడం వంటి మూల పనులు ఏ సిప్ ఫోన్‌తోనైనా, ఏ సిప్ సర్వర్ మీదైనా దాదాపుగా జరిగిపోతాయి. కానీ పక్కవారి లైన్ ఖాళీగా ఉందో లేదో చూపే దీపాలు, ఒకే లైన్‌ను ఇద్దరు ముగ్గురు పంచుకోవడం, కాల్‌ను పార్క్ చేసి మరో బల్ల దగ్గర అందుకోవడం, కంపెనీ డైరెక్టరీ తెర మీద కనబడటం వంటివి ఒక్కో వ్యవస్థలో ఒక్కో తీరుగా అమలవుతాయి. ఫోన్ పెట్టె మీద ఆ సదుపాయం పేరు ఉన్నంత మాత్రాన మీ సర్వర్‌తో అది పనిచేస్తుందన్న భరోసా లేదు. ప్రతి ప్రొవైడర్ దగ్గరా తాము పరీక్షించి ఆమోదించిన మోడళ్ళ జాబితా ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని, ఆ జాబితాలో నుంచే ఎంచుకోండి. సిస్కో ఫోన్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చూడటానికి ఒకేలా ఉండే మోడల్‌కు రెండు రకాల ఫర్మ్‌వేర్లు (ఫోన్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్లు) ఉంటాయి, ఒకటి ఆ కంపెనీ సొంత కాల్ సర్వర్ కోసం, రెండోది ఇతర వ్యవస్థల కోసం. మొదటి రకం కొని వేరే క్లౌడ్ సేవకు కలపబోతే పని జరగదు.

రెండోది, ఒకేచోటి నుంచి అన్ని ఫోన్లనూ అమర్చుకునే సౌకర్యం. నలభై ఫోన్ల వెబ్ పేజీలు ఒక్కొక్కటే తెరిచి వివరాలు టైపు చేయడం ఎలాగో ఒకసారికి పూర్తిచేస్తారు, కానీ తర్వాత సర్వర్ చిరునామా మారినా, ఒక బటన్ పేరు మార్చాలన్నా మళ్ళీ అదే పని చేయాలి. మంచి ఆఫీసు ఫోన్ కేబుల్ తగిలించగానే డీహెచ్‌సీపీ ఆప్షన్ 66 (ఫోన్‌కు సర్వర్ చిరునామా చెప్పే నెట్‌వర్క్ అమరిక) ద్వారా గానీ, ఫోన్‌ను సరైన సర్వర్ వైపు పంపే, తయారీదారు నడిపే రీడైరెక్ట్ సేవ ద్వారా గానీ తన అమరికల ఫైల్ ఎక్కడుందో తెలుసుకుని తానే తెచ్చుకుంటుంది. నా దృష్టిలో టచ్ స్క్రీన్ కన్నా ఈ సదుపాయానికే ఎక్కువ విలువ ఉంది.

ఇక కరెంటు. ప్రతి బల్ల మీద అడాప్టర్ పెట్టడం కంటే పీఓఈ స్విచ్ తీసుకుని ఒకే కేబుల్ మీద డేటాను, కరెంటును పంపడం మేలు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం స్విచ్ పోర్టు గరిష్ఠంగా 15.4 వాట్లు ఇస్తుంది. దారిలో కేబుల్ తినేది పోను పరికరానికి 12.95 వాట్లు చేరతాయి. డెస్క్ ఫోన్‌కు ఇది చాలు. అయితే స్విచ్ మొత్తం మీద ఎన్ని వాట్లు ఇవ్వగలదో తప్పక చూడండి. 24 పోర్టులకూ పూర్తిగా 15.4 వాట్ల చొప్పున ఇవ్వాలంటే సుమారు 370 వాట్లు కావాలి. తక్కువ కరెంటు వాడే క్లాస్ 2 కింద వచ్చే సాధారణ ఫోన్లకైతే పోర్టుకు 7 వాట్ల లెక్కన 168 వాట్లు సరిపోతాయి. పెద్ద కలర్ తెర, పక్కన అదనపు బటన్ల పలక ఉన్న ఫోన్లు చేరేకొద్దీ ఈ లెక్క మారుతుంది.

ఫోన్ వెనక ఉండే రెండో పోర్టుకు కంప్యూటర్ తగిలించే ఉద్దేశం ఉంటే గిగాబిట్ మోడలే తీసుకోండి. ఫోన్‌కు స్వయంగా ఆ వేగం అక్కర్లేదు గానీ, 100 మెగాబిట్ల ఫోన్ గుండా వెళ్ళే కంప్యూటర్ కూడా 100 మెగాబిట్లకే పరిమితమై, సర్వర్ నుంచి పెద్ద ఫైళ్ళు తెచ్చుకునేటప్పుడు నెమ్మదిస్తుంది. బల్ల దగ్గర రెండు వేర్వేరు నెట్‌వర్క్ పోర్టులు ఇప్పటికే ఉంటే ఆ ఖర్చు మిగుల్చుకోవచ్చు.

రెండో జవాబు

పై సలహాలతో ఏకీభవిస్తూనే, ఫోన్ వాడే మనిషి వైపు నుంచి కొన్ని మాటలు చేర్చాలనుకుంటున్నాను. నేను చాలాకాలంగా ఆఫీసు నిర్వహణ చూస్తున్నాను. ఫోన్లు మార్చిన ప్రతిసారీ వచ్చే ఫిర్యాదులన్నీ బటన్ల గురించి, శబ్దం గురించి మాత్రమే వస్తాయి.

అందరికీ ఒకే మోడల్ వద్దు. మీరు చెప్పిన దాన్నిబట్టి మూడు రకాలు సరిపోతాయి. అవన్నీ ఒకే కంపెనీవి, వీలైతే ఒకే సిరీస్‌లోవి కావడం మంచిది. అప్పుడు మెనూలు ఒకేలా ఉంటాయి, ఒకరి బల్ల దగ్గర నేర్చుకున్నది మరొకరి బల్ల దగ్గర పనికొస్తుంది.

రిసెప్షన్ ఫోన్ మీద మాత్రం వెనకాడకుండా ఖర్చు పెట్టండి. అక్కడ జరిగేది ఒకసారి ఊహించండి. బయటి నుంచి కాల్ వస్తుంది, అమ్మకాల విభాగంలో ఫలానా వారు కావాలంటారు. బటన్ల పలక మీద ఆ పేరు పక్కన దీపం ఎర్రగా ఉంటే ఆయన వేరే కాల్‌లో ఉన్నట్టు, ఆకుపచ్చగా ఉంటే ఖాళీగా ఉన్నట్టు. ఆకుపచ్చ ఉన్న బటన్ ఒక్కసారి నొక్కితే కాల్ అటు వెళ్ళిపోవాలి. దీన్ని బీఎల్ఎఫ్ అంటారు. కొన్ని ఫోన్లలో ఆ బటన్ నొక్కగానే కాల్ నేరుగా బదిలీ అవుతుంది, కొన్నిటిలో ముందు అవతలి వ్యక్తితో మాట్లాడి, ఆయన సరేనన్నాకే కలిపే పద్ధతి వస్తుంది, మరికొన్నిటిలో కొత్త కాల్ మొదలవుతుంది. ఈ ప్రవర్తనను అమరికల్లో మార్చుకునే వీలుందో లేదో కొనే ముందే అడగండి. మీ సర్వర్‌తో నలభై దీపాలూ వెంటనే రంగు మారుతున్నాయో లేదో కూడా కళ్ళతో చూడండి, ఎందుకంటే ఆలస్యంగా మారే దీపాన్ని నమ్మి కాల్ పంపితే అది మోగి మోగి తిరిగి రిసెప్షన్‌కే వస్తుంది. తెరలో పేజీలు తిప్పుతూ పేరు వెతుక్కోవడం ఆ సీటులో కుదరదు, కాబట్టి పక్కన తగిలించే ఎక్స్‌పాన్షన్ మాడ్యూల్‌కు అవకాశం ఉన్న మోడల్ తప్పనిసరి.

అమ్మకాల వారికి ముఖ్యమైనది హెడ్‌సెట్. రిసీవర్‌ను మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని టైపు చేసేవారికి కొద్ది నెలల్లోనే మెడనొప్పి మొదలవుతుంది. ఫోన్‌లో ఆర్‌జే9 హెడ్‌సెట్ పోర్టు ఉందా, యూఎస్‌బీ ఉందా, బ్లూటూత్ ఉందా అన్నది చూడండి. వైర్‌లెస్ హెడ్‌సెట్ కొనే పక్షంలో, హెడ్‌సెట్ మీది బటన్‌తోనే కాల్ ఎత్తడానికి వీలు కల్పించే ఈహెచ్ఎస్ సదుపాయం ఆ రెండింటి మధ్య పనిచేస్తుందో లేదో నిర్ధారించుకోండి. లేకపోతే వైర్లు లేకపోయినా ప్రతి కాల్‌కూ బల్ల దగ్గరికి రావలసిందే.

మిగతావారికి రెండు లైన్లు, పీఓఈ, చదవడానికి వీలైన తెర ఉన్న ప్రాథమిక మోడల్ చాలు. ‘పన్నెండు సిప్ ఖాతాలు’ అన్న మాటకు ప్రాధాన్యం ఇవ్వనక్కర్లేదు. ఒక ఉద్యోగికి సాధారణంగా ఒక ఖాతాయే ఉంటుంది, ఆ ఒక్క ఖాతా మీదే రెండు మూడు కాల్స్ ఏకకాలంలో హోల్డ్‌లో ఉంచవచ్చు. మ్యూట్, హోల్డ్, ట్రాన్స్‌ఫర్, వాయిస్ మెయిల్‌కు తెర మీది మెనూలో కాకుండా విడిగా గట్టి బటన్లు ఉన్న ఫోన్‌నే నేను ఎంచుకుంటాను. మ్యూట్ బటన్‌కు దీపం ఉండటం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, దాని విలువ ముఖ్యమైన సమావేశంలో తెలుస్తుంది.

మూడో జవాబు

ఫోన్ ఎంత మంచిదైనా మాట స్పష్టంగా వినబడటం నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉంటుంది కనుక ఆ భాగం నేను రాస్తాను.

‘హెచ్‌డీ వాయిస్’ అంటే సాధారణంగా జి.722 కోడెక్ (ధ్వనిని డేటాగా మార్చే పద్ధతి) ఉందని అర్థం. పాత టెలిఫోన్ ధ్వని 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే ఉంటే, ఇందులో 50 నుంచి 7,000 హెర్ట్జ్ దాకా వస్తుంది. ‘స’, ‘ఫ’ లాంటి ధ్వనులు, పేర్లు, అంకెలు స్పష్టంగా వేరుపడి వినిపిస్తాయి. అయితే ఆ లాభం దారి పొడవునా రెండు వైపులా ఆ కోడెక్ ఉన్నప్పుడే, అంటే ముఖ్యంగా మీ ఎక్స్‌టెన్షన్ల మధ్య మాట్లాడుకునేటప్పుడే దక్కుతుంది. బయటి నంబర్లకు వెళ్ళే కాల్స్ చాలావరకు పాత టెలిఫోన్ ధ్వనినే ఇచ్చే జి.711 కోడెక్‌కు దిగిపోతాయి. కాబట్టి ఆ ఒక్క మాట కోసం ఎక్కువ ధర పెట్టకండి, నేటి మామూలు మోడళ్ళలోనూ అది ఉంటుంది.

బ్యాండ్‌విడ్త్ లెక్క సులువు. జి.711 కాల్‌లో ధ్వని సెకనుకు 64 కిలోబిట్లే అయినా, 20 మిల్లీసెకన్ల ప్యాకెట్లకు హెడర్లు (చిరునామా వంటి వివరాలు) కలిపితే ఈథర్నెట్ మీద ఒక్కో దిశలో సుమారు 87 కిలోబిట్లు పడుతుంది. ఒకే సమయంలో 12 కాల్స్ నడిస్తే వెళ్ళే దారిలో ఒక మెగాబిట్, వచ్చే దారిలో ఒక మెగాబిట్. ఇంత తక్కువకు కూడా ఇబ్బంది ఎందుకు వస్తుందంటే, ఎవరో పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తున్నప్పుడు ధ్వని ప్యాకెట్లు దాని వెనక వరుసలో నిలబడిపోతాయి. ఫైల్ ఒక సెకను ఆలస్యమైనా ఎవరికీ తెలియదు, మాట ఆలస్యమైతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోతారు. ఒక దిశలో ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉండాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జి.114 సిఫారసు చెబుతోంది.

అందుకే ఫోన్లకు విడిగా వాయిస్ వీల్యాన్ (అవే కేబుళ్ళ మీద ఫోన్ల కోసం వేరుచేసిన నెట్‌వర్క్) పెట్టించండి. స్విచ్ చెప్పే అమరికలను అందుకునే ఎల్ఎల్‌డీపీ-మెడ్ సదుపాయం ఉన్న ఫోన్, దానికి తగిన స్విచ్ ఉంటే ఫోన్ తానే ఆ వీల్యాన్‌లోకి వెళుతుంది. ధ్వని ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్య గుర్తు వేసి, రూటర్‌లో వాటికి ముందు దారి ఇవ్వాలి. ఆ గుర్తును బయటి ఇంటర్నెట్ పట్టించుకోదు, కానీ రద్దీ ఎక్కువగా ఏర్పడేది మీ ఆఫీసు నుంచి బయటికి వెళ్ళే లింకు దగ్గరే కాబట్టి అక్కడ ప్రాధాన్యం ఇస్తే చాలా మేలు జరుగుతుంది.

క్లౌడ్ పీబీఎక్స్ తీసుకుంటే రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయాన్ని ఆపించండి. సాయం చేయాలని పెట్టిన ఆ సదుపాయం సిప్ సందేశాల్లోని చిరునామాలను తిరగరాయబోయి తరచూ పాడుచేస్తుంది. ఒక వైపు మాటే వినబడటం, ఫోన్ కొంతసేపటికి రిజిస్ట్రేషన్ కోల్పోవడం దాని లక్షణాలు. కాల్ చక్కగా కలిసి, ఇద్దరూ మాట్లాడుకుంటుండగా ప్రతిసారీ అర నిమిషం దాటగానే తెగిపోతుంటే, కాల్ ఎత్తిన సందేశానికి రావలసిన ఏసీకే (అందిందని తెలిపే జవాబు) అవతలికి చేరడం లేదని అనుమానించాలి. సిప్‌లో ఆ నిరీక్షణ గడువు 32 సెకన్లు. ఫోన్ చెడిపోయిందనుకుని సెట్లు మార్చినా ఈ లోపం పోదు.

భద్రత గురించి మీరు అడగలేదు గానీ అది ఎంపికలోనే భాగం కావాలి. ఇతరులు చదవలేకుండా, వినలేకుండా గుప్తీకరించే పద్ధతులు, అంటే సంకేతాలకు టీఎల్ఎస్, ధ్వనికి ఎస్ఆర్‌టీపీ రెండూ ఉన్న మోడల్ తీసుకుని, ప్రొవైడర్ కూడా వాటిని ఇస్తున్నారో లేదో కనుక్కోండి. ఫోన్ వెబ్ పేజీకి తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చండి, ఆ పేజీని బయటి ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరవకండి. ఎక్స్‌టెన్షన్ పాస్‌వర్డ్ దొరికినవారు రాత్రికి రాత్రి అంతర్జాతీయ కాల్స్ చేసి పెద్ద బిల్లు తెప్పించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన మోసమే. కాబట్టి అవసరం లేని ఎక్స్‌టెన్షన్లకు ఆ సౌకర్యమే ఇవ్వవద్దని సర్వర్‌లోనే అమర్చండి.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా వివరించిన అందరికీ ధన్యవాదాలు. ప్రొవైడర్ల నుంచి ఆమోదిత మోడళ్ళ జాబితాలు తెప్పిస్తున్నాను. ఇంకో మూడు సందేహాలు ఉన్నాయి. మొదటిది, ఒక వ్యాపారి వేరే ఆఫీసులో వాడిన ఫోన్లను కొత్తవాటి ధరలో మూడో వంతుకే ఇస్తానంటున్నారు. అవి పైకి బాగానే ఉన్నాయి, తీసుకోవచ్చా? రెండోది, వెనకవైపు గిడ్డంగికి నెట్‌వర్క్ కేబుల్ లేదు, అక్కడ వైఫై ఫోన్ పెట్టవచ్చా? మూడోది, తక్కువ కాల్స్ ఉన్నవారికి అసలు డెస్క్ ఫోన్ మానేసి, కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌ఫోన్ ఇస్తే సరిపోదా అని మా అకౌంట్స్ విభాగం అడుగుతోంది.

నాలుగో జవాబు

వాడిన ఫోన్ల విషయంలో పైపూత కాకుండా మూడు సంగతులు చూడాలి. అవి పాత ప్రొవైడర్‌కు లాక్ అయి ఉన్నాయేమో చూడాలి. కొన్ని సెట్లను ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, ఇంటర్నెట్ తగలగానే తయారీదారు రీడైరెక్ట్ సేవలో వాటి మ్యాక్ అడ్రస్ (ప్రతి సెట్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఇంకా పాత యజమాని పేరునే ఉన్నందువల్ల తిరిగి అక్కడికే వెళతాయి. ఆ నమోదును పాత యజమాని లేదా వారి ప్రొవైడర్ తొలగించాలి, మీరు చేయగలిగింది ఉండదు. తర్వాత, ఆ మోడల్‌కు తయారీదారు ఇంకా ఫర్మ్‌వేర్ ఇస్తున్నారో లేదో వారి వెబ్‌సైట్‌లో చూడండి. మద్దతు ఆగిన ఫోన్‌లో బయటపడే భద్రతా లోపాలు అలాగే ఉండిపోతాయి, కొత్త టీఎల్ఎస్ సర్టిఫికెట్లను అది గుర్తించక ఒకరోజు రిజిస్టర్ కావడమే మానవచ్చు. ఇక సిస్కో సెట్లైతే, ముందు చెప్పిన రెండు ఫర్మ్‌వేర్ల సంగతి ఉండనే ఉంది. ఆయన దగ్గర ఒక సెట్ తీసుకొచ్చి, మీ ప్రొవైడర్ పరీక్ష ఖాతాకు కలిపి చూశాకే మాట్లాడండి. ఆయన అందుకు ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి.

గిడ్డంగికి వైఫై ఫోన్ కన్నా డెక్ట్ కార్డ్‌లెస్ ఫోన్‌ను ఇష్టపడతాను. దాని బేస్‌ను కేబుల్ ఉన్న చోట ఆఫీసులో పెట్టి, హ్యాండ్‌సెట్‌ను గిడ్డంగిలో వాడుకోవచ్చు. డెక్ట్‌కు ప్రత్యేక తరంగ శ్రేణి ఉంది కాబట్టి ల్యాప్‌టాప్‌ల రద్దీతో పోటీ ఉండదు, బ్యాటరీ కూడా ఎక్కువ సేపు వస్తుంది. ఇనుప అరలు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి కనుక, కొనే ముందు హ్యాండ్‌సెట్ పట్టుకుని గిడ్డంగి చివరి వరుస దాకా నడిచి మాట్లాడి చూడండి.

సాఫ్ట్‌ఫోన్ గురించి మీ అకౌంట్స్ విభాగం అడిగింది సమంజసమే. రోజుకు నాలుగైదు కాల్స్ ఉండి, ఎప్పుడూ కంప్యూటర్ ముందే ఉండేవారికి మంచి యూఎస్‌బీ హెడ్‌సెట్‌తో సాఫ్ట్‌ఫోన్ చాలు. ఆ మిగిలిన సొమ్ముతో రిసెప్షన్‌కూ అమ్మకాల వారికీ మేలైన ఫోన్లు, ఒక మంచి స్విచ్ కొనవచ్చు. అయితే కంప్యూటర్ అప్‌డేట్ అవుతూ ఉన్నప్పుడు, ఆగిపోయినప్పుడు ఆ మనిషికి ఫోన్ ఉండదు. అందువల్ల ప్రతి విభాగంలో కనీసం ఒక డెస్క్ ఫోన్, సమావేశపు గదిలో ఒక కాన్ఫరెన్స్ ఫోన్, అందరికీ అందుబాటులో నడవా దగ్గర ఒకటి ఉంచండి.

ఇక్కడ ఇంకెవరూ ప్రస్తావించని ఒక సంగతి ఉంది. పాత ఫోన్ లైనుకు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, ఆఫీసులో కరెంటు పోయినా ఆ ఫోన్ పనిచేసేది. ఇంటర్నెట్ ఫోన్ విషయంలో పీఓఈ స్విచ్, రూటర్, ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన మోడెం, ఈ మూడూ యూపీఎస్ మీద ఉంటేనే కాల్ వెళుతుంది. ఆంబులెన్స్‌కో అగ్నిమాపక దళానికో ఫోన్ చేయవలసిన సమయం కరెంటు లేని సమయమే కావచ్చు. అలాగే పాత పీబీఎక్స్‌ను విప్పే ముందు, దాని నుంచి ఎక్కడెక్కడికి లైన్లు వెళుతున్నాయో ఒక్కొక్కటిగా గుర్తించండి. లిఫ్ట్‌లోని అత్యవసర ఫోన్, అగ్ని ప్రమాద అలారం, ఫ్యాక్స్ వంటివి వాటి మీద ఉండే అవకాశం ఉంది. ఫ్యాక్స్‌ను ఏటీఏ అడాప్టర్ (పాత తరహా పరికరాన్ని ఇంటర్నెట్ ఫోన్ వ్యవస్థకు కలిపేది) ద్వారా నడుపుకోవచ్చు, అందులో ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపే టీ.38 పద్ధతి ఉండాలి. లిఫ్ట్‌నూ అలారంనూ మాత్రం వాటి నిర్వహణ సంస్థలతో మాట్లాడి, వారు పరీక్షించి సరేనన్నాకే కొత్త వ్యవస్థ మీదకు మార్చండి. అప్పటిదాకా ఆ రెండు పాత లైన్లనూ తీయించవద్దు.